వెనక మెట్లకు గేటు

నాకు కోపం ఎక్కువని మా హాస్టల్లో ఉండి వెళ్ళిన అమ్మాయిలందరికీ తెలుసు. దాన్ని బట్టి వాళ్ళు పెట్టిన పేరు నాకూ తెలుసు, ఇక్కడ రాయను. కోపం తగ్గించుకోమని డాక్టరు చెబుతాడు, మా తమ్ముడు చెబుతాడు, మా వంటావిడ చెబుతుంది. నేనూ ప్రయత్నించాను. కానీ ఆ గేటు సంగతి గుర్తుకొచ్చినప్పుడల్లా అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు పోయే దారిలో ఒక గల్లీలో పాత బిల్డింగు ఉంది. దాని మీది రెండంతస్తులు కిరాయికి తీసుకుని ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్నాను. కింద బ్యాగుల దుకాణం, చెప్పుల దుకాణం. వాటి మీద ఒక గోదాము, దాని నిండా అట్టపెట్టెలు. ఆ పైన మేము. ఆబిడ్స్ బట్టల షాపుల్లో చీరలు చూపించే పిల్లలు, దవాఖానలో నర్సు పని నేర్చుకునేవాళ్ళు, నౌకరీ పరీక్షలకు చదివేవాళ్ళు మా దగ్గర ఉంటారు. కిందికి దిగడానికి ఒకటే మెట్లు. ఆ మెట్ల మొదట్లోనే బిల్డింగు మొత్తానికి కరెంటు మీటర్లు. కిటికీలకు ఇనుప కడ్డీలు, గోడలోకి దిగ్గొట్టి బిగించినవి. తెరుచుకోవు. ఆడపిల్లలుండే చోటు కదా అని బిల్డింగు ఓనరు ముందే జాగ్రత్త పడ్డాడు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం నేను మొజంజాహీ మార్కెట్ నుంచి పండ్లు తీసుకుని ఆటోలో వస్తున్నాను. గల్లీ మొదట్లోనే జనం. మీటర్ల దగ్గర వైర్లు కాలుతున్నాయి, నల్లటి పొగ మెట్ల మీదుగా పైకి పోతోంది. తల ఎత్తి చూస్తే రెండో అంతస్తు కిటికీలో మా చీరల షాపు పిల్ల. వికారాబాద్ దిక్కు పల్లె నుంచి వచ్చింది, గలగలా నవ్వుతూ ఉండే పిల్ల. కడ్డీలు రెండు చేతులతో పట్టుకుని నన్ను చూసి అరిచింది.

"ఆంటీ, ఎటు దిక్కు దిగాలె?"

అటు మెట్ల నిండా పొగ, ఇటు కడ్డీలు. పండ్ల సంచి ఎక్కడ పడేశానో కూడా తెలియదు. చెప్పుల దుకాణం ఆయన పరుగున పోయి కరెంటు తీయించాడు, ఎవరో ఇసుక పోశారు, పొగ తగ్గింది. పిల్లలు దగ్గుకుంటూ కిందికి వచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కదా అని అందరూ చాయ్ తాగి ఎవరి దుకాణంలోకి వాళ్ళు వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఆ ప్రశ్న చెవిలో అలాగే ఉండిపోయింది. నా దగ్గర అన్నం తిని, నా మాట మీద నమ్మకంతో నిద్రపోయే పిల్లలకు దిగే దారి చెప్పలేకపోతే నేను నడిపేది హాస్టలెట్లా అవుతుంది?

వెనక గోడ కోయించి ఒక దారి తీయాలి, అక్కడి నుంచి వెనక గల్లీలోకి ఇనుప మెట్లు వేయించాలి అనుకున్నాను. హిమాయత్‌నగర్‌లో ఉండే ఓనరు సేట్ దగ్గరికి పోయాను. పెద్దమనిషి, తాతల నాటి నుంచి ఇక్కడి వ్యాపారస్తుడు. "ఇన్నేండ్లల్ల ఏం గాలేదు గదమ్మా" అన్నాడు. కాకముందే చేద్దామని అడుగుతున్నాను అన్నాను. ఖాళీ చేసి పోతానన్నాక ఒప్పుకున్నాడు. "ఎనక గల్లీకెళ్లి ఎవడు పడితే వాడు ఎక్కి రాకుండ చూస్కోండ్రి" అన్నాడు. దానికి నేను ముందే ఆలోచించి పెట్టుకున్నాను. పైన, గోడ కోసిన చోట గట్టి ఇనుప తలుపు, దానికి లోపలి వైపు గడియ. బయటివాడు మెట్లెక్కినా తలుపు ముందర నిలబడాల్సిందే. లోపలి పిల్లలు గడియ లాగి దిగిపోవచ్చు. సేట్ తల ఊపాడు. తల ఊపితే అర్థమైందనుకున్నాను.

ఇక పనివాళ్ళను వెతకడం. నాంపల్లిలో ఇనుము పని చేసే దుకాణాలకు కొదవ లేదు. గోడలు కోసేవాళ్ళ ఫోన్ నెంబర్లు కరెంటు స్తంభాల మీద, మూసేసిన షట్టర్ల మీద ఎక్కడ చూసినా ఉంటాయి. ఫోను చేస్తే వస్తారు కూడా. వచ్చి అటూ ఇటూ చూసి అందరూ ఒకటే మాట అడుగుతారు.

"సార్ లేడా?"

సార్ ఎవరూ లేరు, పని నాది, నాతోనే మాట్లాడండి అంటే "సార్ ఎప్పుడొస్తడో చెప్తే గప్పుడే వస్త" అని ఒకాయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఇంకొకాయన నేను చెబుతున్నంతసేపూ మా వాచ్‌మన్ ముఖం చూస్తూ విన్నాడు. వాచ్‌మన్ మంచివాడే గానీ గోడకూ గొడుగుకూ తేడా తెలియనివాడు. అయినా ఆయన తల ఊపుతుంటే ఈయన లెక్క కట్టుకున్నాడు. మూడో ఆయన సుత్తి మిషను పెట్టి కొట్టేస్తానన్నాడు. పాత బిల్డింగు, గోడలన్నీ బీటలు వారతాయి, కొట్టడం వద్దు కోయాలి అంటే "మీకెవలు జెప్పిన్రు?" అన్నాడు. ఎవరూ చెప్పలేదు నాయనా, నా తల నాకుంది అన్నాను. ఆయన మళ్ళీ రాలేదు.

చివరికి అఫ్జల్‌గంజ్ వైపు నుంచి ఒక కటింగ్ ఆయన దొరికాడు. నీళ్ళు పోస్తూ గుండ్రటి పెద్ద బ్లేడుతో కోసే మిషను ఉంది ఆయనకు. మాటలు తక్కువ, సార్ ఎక్కడని అడగలేదు. మెట్లకూ తలుపుకూ మా పక్క గల్లీలోనే వెల్డింగ్ దుకాణం నడిపే ఒకాయన కుదిరాడు. ఆయన మాట మాటకూ అక్కా అంటాడు. "అక్కా, నన్ను నీ సొంత తమ్ముడనుకో, ఫికర్ చెయ్యకు" అన్నాడు. నా సొంత తమ్ముడు ఏనాడూ ఒక పని సమయానికి చేయలేదు. ఆ సంగతి అప్పుడే గుర్తు పెట్టుకోవాల్సింది.

వెంటనే తకరారు మొదలైంది. కటింగ్ ఆయన అన్నాడు, "ముందుగాల తలుపు చౌకట్ చేయించుండ్రి, దానికి సరిపోను కోస్త." వెల్డింగ్ ఆయన అన్నాడు, "ముందుగాల కోపియ్యి అక్కా, దానికి సరిపోను చౌకట్ చేస్త." తలుపు ఫ్రేము కొలత ఈయన ఆయనను అడుగుతాడు, కోత కొలత ఆయన ఈయనను అడుగుతాడు, మధ్యలో నేను ఫోన్లు. రెండు వారాలు గడిచాక నాకు తలప్రాణం తోకకొచ్చింది. ఇద్దరినీ ఒకే పొద్దున పిలిపించి, వెనక వరండాలో గోడ ముందు నిలబెట్టి, సుద్దముక్క చేతికిచ్చాను. "ఇద్దరూ కలిసి ఒక గీత గీయండి. గీసేదాకా ఇక్కణ్ణుంచి ఎవరూ కదలొద్దు, చాయ్ కూడా ఇక్కడికే తెప్పిస్తా" అన్నాను. ఒకరిని ఒకరు చూసుకున్నారు. అప్పుడు గీశారు. అంత కష్టమైన గీతేమీ కాదది.

కోత మాత్రం చూడాల్సిందే. మిషను మొదలైతే గల్లీ మొత్తం చెవులు మూసుకుంది. సిమెంటు కలిసిన బూడిద రంగు నీళ్ళు మెట్ల మీదుగా కిందికి పారాయి, బ్యాగుల దుకాణం ఆయన వచ్చి నోటికొచ్చినట్టు తిట్టాడు. నేనూ తిట్టాను. అటూ ఇటూ తిట్టుకుంటుండగానే గోడలో బ్లేడుకు ఇనుప చువ్వలు తగిలి నిప్పురవ్వలు లేచాయి. కటింగ్ ఆయన అదేమీ పట్టనట్టు చువ్వలను కూడా కోసుకుంటూ పోయాడు. సాయంత్రానికి గోడ ముక్కలు బయటికొచ్చాయి. ఎన్నడూ వెలుగు చూడని ఆ వరండాలోకి ఒక్కసారిగా ఎండ వచ్చింది, గాలి వచ్చింది, స్టేషన్లో రైలు కూత వినిపించింది. పిల్లలంతా వచ్చి ఆ దారి ముందర నిలబడి ఫోటోలు తీసుకున్నారు. ఆ ఒక్క రోజు నాకు ఎవరి మీదా కోపం లేదు.

తర్వాత వెల్డింగ్ తమ్ముడి వంతు. రేపు తెస్తా అక్కా. రేపంటే రేపే అక్కా. కరెంటు లేదు అక్కా. శనివారం ఇనుము ఇంట్లకు తేవద్దు గద అక్కా. అమాస అక్కా. పనోడు ఊరికి పోయిండు అక్కా. గోడకు పెద్ద బొక్క, దానికి అడ్డంగా టార్పాలిన్, దాని ముందర రాత్రంతా కుర్చీ వేసుకుని కాపలాకు నేను. ఆయన దుకాణానికి పోయి నిలబడితే, మా మెట్ల కోసం తెచ్చిన ఇనుముతో ఎవరిదో పెండ్లి హాలు గేటు తయారవుతోంది. పక్క దుకాణాలవాళ్ళు బయటికొచ్చి చూసేదాకా అరిచాను. "గంత కోపమెందుకక్కా, బీపీ పెరుగుతది" అన్నాడు. నా బీపీ గురించి నా మెట్లు ఆపినవాడు మాట్లాడుతున్నాడు.

మొత్తానికి మెట్లు వచ్చాయి. పైన తలుపూ వచ్చింది, నేను చెప్పినట్టే లోపలి గడియతో. కింద చివరి మెట్లు బిగించి రంగు వేయడం మిగిలిందనగా మా మేనత్త పోయిందని కబురొచ్చి ఊరికి వెళ్ళాను. దినాలు అయ్యాక తిరిగొచ్చి బ్యాగు కింద పెట్టకుండానే వెనక్కి పోయాను.

మెట్లు బాగున్నాయి. ఆకుపచ్చ రంగు. కదలకుండా గట్టిగా ఉన్నాయి. కిందికి దిగాను. దిగిన చోట మెట్ల చుట్టూ కడ్డీలు, తల మీద కడ్డీలు, ముందర ఒక గేటు. గేటుకు బయటి వైపు గొళ్ళెం. గొళ్ళేనికి నా పిడికిలంత తాళం.

నేను గేటు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. అక్కడే నిలబడి కడ్డీల్లోంచి అరిచి పిలిస్తే వెల్డింగ్ ఆయన నవ్వుకుంటూ వచ్చాడు. గేటు అవతల వైపు నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"దీనికి పైసలు తీస్కోనక్కా. నా దిక్కుకెళ్లి. ఆడివిల్లలుంటరు గద."

బహుమతి ఇచ్చాడు నాకు. అడిగిన పనికి నెలల తరబడి తిప్పించుకున్నవాడు అడగని గేటు మూడు రోజుల్లో చేసి, బిగించి, రంగేసి బహుమతిగా ఇచ్చాడు.

"మంటలొస్తే పిల్లలు ఎట్ల బయటికొస్తరయ్యా?"

"తాళంచెవి వాచ్‌మన్ తాన ఉంటది గద. వచ్చి తీస్తడు."

"వాచ్‌మన్ లేకపోతే?"

"ఉంటడు గదక్కా."

తీసేయమన్నాను. "తీస్తే నాకు పాపం తాకుతది" అన్నాడు. సేట్‌కు ఫోను చేశాను. ఆయన సంతోషంగా ఉన్నాడు. మంచి పని చేసిండు అన్నాడు. చెప్పుల దుకాణం ఆయన, బ్యాగుల దుకాణం ఆయన, వంటావిడ, అందరూ ఆ గేటును మెచ్చుకున్నవాళ్ళే. ఆ ఆదివారం సేట్ స్వయంగా వచ్చాడు, వెల్డింగ్ ఆయనా వాచ్‌మనూ వెంట ఉన్నారు. పైకి తీసుకుపోయి ఇనుప తలుపు చూపించాను, గడియ వేసి చూపించాను, తీసి చూపించాను. బయటి నుంచి ఏనుగు వచ్చి నెట్టినా తెరుచుకోదు సేట్, ఇంక కింద తాళం దేనికి అన్నాను. సేట్ ఆ గడియను వేలితో అటూ ఇటూ జరిపాడు.

"గిది లోపట్నుంచి ఎవలంటె వాళ్ళు తీస్కుంటరు గదమ్మా."

"తీసుకోవాలనే కదా పెట్టింది."

"అదేనమ్మా నేననేది. తీస్కొని పోతే?"

అప్పటికి నాకు తలకెక్కింది. ఇన్నాళ్ళూ దొంగలు, తాగుబోతులు, ఎవడు పడితే వాడు అంటుంటే నేను బయటివాడి గురించే అనుకున్నాను. "బయటోడు రాకుండనా సేట్ తాళం, లోపటోళ్లు పోకుండనా?" అని అడిగాను. సేట్ గడియ మీంచి వేలు తీశాడు. వెల్డింగ్ ఆయన మెట్ల రంగు ఆరిందో లేదో గోకి చూసుకుంటున్నాడు. వాచ్‌మన్ తాళంచెవిని జేబులో సర్దుకున్నాడు. అందరికీ తెలిసిన సంగతే. నాకు ఒక్కదానికే అర్థం కాలేదు.

పిల్లలనైనా అడుగుదామని వాళ్ళను కూర్చోబెట్టాను. ఉండనీయండి ఆంటీ, వెనక గల్లీ అంటే మాకూ భయమే అన్నారు. వాళ్ళ భయం అబద్ధం కాదు. చీకటి పడితే ఆ గల్లీలో ఎవరెవరు తిరుగుతారో నాకూ తెలుసు. సరే, మాటలతో పని లేదు, ఒకసారి దిగి చూద్దాం రండి అన్నాను. మిట్టమధ్యాహ్నం అందరినీ వెనక మెట్ల మీదికి పంపాను. నిజంగా మంటలొచ్చాయనుకుని గబగబా దిగండి అన్నాను. నవ్వుకుంటూ, తోసుకుంటూ, ఒకతి ఫోనులో వీడియో తీస్తూ, దిగారు. ముందు మా చీరల షాపు పిల్ల.

గేటుకు తాళం. వాచ్‌మన్ లేడు. బావమరిది వస్తున్నాడని కాచిగూడ స్టేషనుకు పోయాడట, తాళంచెవి ఆయనతోనే పోయింది. ముందున్నవాళ్ళు ఆగిపోయారు, వెనకవాళ్ళు ఇంకా దిగుతూనే ఉన్నారు. ఎండకు ఇనుము కాలుతోంది. మెట్ల నిండా పిల్లలు, ఒకరి మీద ఒకరు. ఇంకా నవ్వుతున్నారు. పైనుంచి ఎవరో "జరుగుండ్రే" అని అరుస్తున్నారు. ఆ నవ్వులో చీరల షాపు పిల్ల గేటు కడ్డీలు రెండు చేతులతో పట్టుకుంది. పట్టుకోగానే దాని ముఖం మారిపోయింది. వెనక్కి తిరిగి, మెట్ల మీద అంత పైన ఉన్న నన్ను వెతికి చూసింది.

"ఆంటీ, గిప్పుడు ఎటు దిక్కు దిగాలె?"

వీడియో తీస్తున్న పిల్ల ఫోను దించేసింది.

మర్నాడు పొద్దున్నే వెల్డింగ్ ఆయనకు ఫోను చేస్తే తీయలేదు. నాంపల్లిలో ఇంకో దుకాణం, ఇంకో దుకాణం తిరిగాను. అందరూ ఒకటే మాట. ఒకరు బిగించింది ఇంకొకరు కోయరట, గల్లీలో అది రివాజు కాదట. అడగని గేటు బిగించడం రివాజు, అడిగితే తీయడం రివాజు కాదు. అఫ్జల్‌గంజ్ కటింగ్ ఆయనకు ఫోను చేశాను. "నాది కాంక్రీట్ పని మేడం. ఇనుము నేను కొయ్య" అన్నాడు.

"మా గోడలో చువ్వలు కోసినవ్ కదా, అవి ఇనుము కాదా?"

ఫోనులోనే నవ్వాడు. మధ్యాహ్నానికి వచ్చాడు, చిన్న మిషనుతో గేటును కీళ్ళ దగ్గర, గొళ్ళెం దగ్గర కోసేశాడు. చుట్టూ ఉన్న కడ్డీలు కూడా కోయించాను. నా పేరు వెల్డింగ్ ఆయనకు చెప్పకుండ్రి మేడం అని చెప్పి వెళ్ళిపోయాడు. తాళం ఇంకా వేసే ఉన్న ఆ గేటును పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశాను. వెల్డింగ్ తమ్ముడు ఆ రోజు నుంచి నాతో మాట్లాడడు. గల్లీలో ఎదురైతే, తను పెట్టిన భిక్ష నేను పారేసినట్టు ముఖం తిప్పుకుంటాడు. తిప్పుకోనీ.

గేటు తీసేసిన సంగతి ఎవరు మోశారో తెలియదు, ఊళ్ళకు చేరింది. తల్లిదండ్రుల ఫోన్లు మొదలయ్యాయి. వెనక దారికి తాళం లేదట కదా మేడం. ఒక్కొక్కరికీ పైన తలుపు గురించీ, గడియ గురించీ ఓపికగా చెప్పాను, నాకున్న ఓపికంతా అక్కడే అయిపోయింది. కొందరు విన్నారు. ఒకరోజు చీరల షాపు పిల్ల తండ్రి వికారాబాద్ బస్సు దిగి నేరుగా వచ్చాడు. నేను చెప్పేది కూర్చుని విన్నాడు, వెనక మెట్లు పై నుంచి కింది దాకా దిగి చూశాడు. మళ్ళీ ఎక్కి వచ్చి, ఏమనుకోవద్దు మేడం, పిల్లను కాచిగూడలో వేరే హాస్టల్లో వేస్తున్నాను అన్నాడు. లోపల ఆ పిల్ల బట్టలు సర్దుకుంటోంది. తలుపు సందులోంచి నన్ను చూసి తల దించుకుంది. ఇన్నాళ్ళలో మొదటిసారి నేను గొంతు పెంచలేదు. ఒకటే అడిగాను.

"గాడ పిల్లలు కిందికి దిగనీకి ఎన్ని తొవ్వలున్నయన్నా?"

ఆయన ముఖం తేలికపడింది. ఆ సంగతి ముందే కనుక్కుని వచ్చాడు.

"ఒక్కటే మేడం. గందుకే గద గాడ ఏస్తున్న."